బరువు ఎక్కడ తగ్గాలి

సూళ్లూరుపేట,
నవంబరు 16

చిరంజీవి చిన్నాకు,

మొన్న రాత్రి ఫోనులో నువ్వు అడిగిన మాటకు నేను సరిగా జవాబు చెప్పలేదని అత్తయ్య కోప్పడింది. మౌంటెన్ సైకిలుకు కార్బన్ ఫైబరు ఫ్రేము వేయించనా అని అడిగావు. లక్షా పదివేలు కూడబెట్టానన్నావు. అంత డబ్బు తడలో గది అద్దె కట్టుకుంటూ, రాత్రి షిఫ్టులు చేసి దాచావు. దానికి ఫోనులో ఒక్క ముక్కతో జవాబు చెప్పడం నాకు మనసొప్పలేదు. అందుకే కాగితం ముందేసుకున్నాను.

నా మాట ముందే చెప్తాను. ఇప్పుడు వద్దు. ఎందుకు వద్దంటున్నానో నిదానంగా చదువు.

ఫైబరంటే ఇష్టం లేని పాతకాలపు మనిషినని అనుకోకు. షార్ రాకెట్ కేంద్రం వర్క్‌షాపులో పనిచేసిన ముప్పై ఏళ్లలో దాని గొప్పతనం దగ్గరగా చూశాను. 1994 అక్టోబరు 15న పీఎస్‌ఎల్‌వీ మొదటిసారి ఉపగ్రహాన్ని సరిగ్గా కక్ష్యలో పెట్టిన రోజు మీ అమ్మా నేనూ మిద్దె మీద నిలబడి చూశాం. ఆ రాకెట్ మొదటి దశలో ఇప్పుడు సుమారు 138 టన్నుల ఘన ఇంధనం పడుతుంది. అంత ఇంధనాన్ని మోసే గొట్టం దేంతో చేస్తారో తెలుసా? మారేజింగ్ స్టీలు, అంటే ఉక్కే. మూడో దశకు వచ్చేసరికి గొట్టాన్ని కెవ్లార్ దారం చుట్టి, ఎపాక్సీ జిగురు పట్టించి చేస్తారు. ఒకే రాకెట్‌లో కింద ఉక్కు, పైన ఫైబరు. కింద కూడా ఫైబరు పెట్టడం తెలియక కాదు. కింది దశ మధ్యలోనే ఊడి సముద్రంలో పడిపోతుంది, అక్కడ తగ్గించిన బరువులో ఉపగ్రహానికి దక్కేది కొద్ది వాటానే. పైకి పోయేకొద్దీ ఆ వాటా పెరుగుతుంది. ఆఖరి దశలో కిలో తగ్గిస్తే ఉపగ్రహం కిలో పెరగొచ్చు.

అబ్దుల్ కలాం గారి కాలిపర్ల సంగతి నీకు చిన్నప్పుడు చెప్పాను. హైదరాబాదు నిమ్స్‌లో పోలియో పిల్లలు మూడు కిలోలకు పైబడిన లోహపు కాలిపర్లు ఈడ్చుకుంటూ నడవడం ఆయన చూశారు. అగ్ని క్షిపణి కోసం సంపాదించిన తేలిక పదార్థాల పరిజ్ఞానంతో వాటిని 300 గ్రాములకు దించారు. ఆ బిడ్డ వేసే ప్రతి అడుగులోనూ తేడా తెలిసింది. బరువు తగ్గించడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

ఇప్పుడు నీ సైకిలుకు వద్దాం. నువ్వు 72 కిలోలు, సైకిలు 14, నీళ్లూ సంచీ కలిపి రెండు. మొత్తం 88. ఇప్పుడున్న అల్యూమినియం ఫ్రేము తీసి కార్బన్ వేస్తే తగ్గేది ఏడు వందల గ్రాములు అనుకో. నూటికి ఒక వంతు కూడా కాదు. నిట్టనిలువు కొండదారి గంటసేపు ఎక్కేవాడికి దానివల్ల కలిసొచ్చేది అర నిమిషం. పందెంలో దిగేవాడికి ఆ అర నిమిషం ప్రాణంతో సమానం, కాదనను. కానీ నువ్వు తొక్కేదెక్కడ? ఆదివారం హరికోట రోడ్డు. లేకపోతే నేలపట్టు. ఉబ్బలమడుగు వైపు కొండదారికి ఏడాదిలో రెండు మూడుసార్లు పోతావు, అందులోనూ సగం దూరం రాళ్ల మీద సైకిలు భుజాన వేసుకొని నడుస్తావు.

హరికోట రోడ్డు మీద నిన్ను ఆపేది బరువు కాదు, గాలి. అటకానితిప్ప దాటాక రెండు పక్కలా నీళ్లే, గాలికి అడ్డుపడే చెట్టు ఉండదు. చదును నేల మీద పాతిక కిలోమీటర్ల వేగం దాటితే నీ కాళ్ల బలంలో ఎక్కువ భాగం గాలిని నెట్టడానికే పోతుంది. 1992లో బార్సిలోనా ఒలింపిక్స్‌లో క్రిస్ బోర్డ్‌మన్ లోటస్ సంస్థ చేసిన కార్బన్ సైకిలు మీద బంగారు పతకం గెలిచాడు. దాని పేరు మోగిపోయింది తేలిక వల్ల కాదు, గాలిని చీల్చే ఆకారం వల్ల. లోహపు గొట్టాలతో రాని ఆకారం కార్బన్‌తో వచ్చింది. మౌంటెన్ బైకుకు ఆ లాభమూ లేదు, వెడల్పు హ్యాండిలు పట్టుకొని నిటారుగా కూర్చుంటావు కదా.

ఇక ఖర్చు. ఫ్రేము ఒక్కటి మారిస్తే చాలనుకున్నావు. నీ సైకిలు వెనక ఇరుసు 135 మిల్లీమీటర్ల క్విక్ రిలీజ్. నువ్వు చూపించిన ఫ్రేము 148 మిల్లీమీటర్ల బూస్ట్ ఇరుసు కోసం చేసింది. నీ చక్రాలు 27.5 అంగుళాలవి, అది 29 అంగుళాల ఫ్రేము. బాటమ్ బ్రాకెట్ నీకు మర బిగించేది, దానికి ప్రెస్ ఫిట్. అంటే చక్రాలు, ముందు ఫోర్కు, బాటమ్ బ్రాకెట్, బహుశా క్రాంకు కూడా కొనాలి. పాత సైకిలు నుంచి మిగిలేవి హ్యాండిలు, సీటు, బ్రేకుల్లాంటివే. లక్షా పదివేలు దాటిపోతుంది నాయనా, అప్పు చేస్తావు. నిన్ను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, మొదలుపెట్టిన పని మధ్యలో ఆపవు.

నాకు అన్నిటికంటే భయం హరికోట రోడ్డు పక్కనున్న పులికాట్ సరస్సు ఉప్పు. నువ్వు పంపిన ఫొటోలో చక్రాల నిండా బురద, ఆరిన చోట తెల్లటి పొర. సరస్సులోకి దిగి తొక్కావని తెలిసిపోతోంది. (అది మానుకో. రాజహంసలు మేత కోసం వచ్చి దిగే చోటు అది. రోడ్డు మీద నుంచి చూడు, చాలు.) కార్బన్ తుప్పు పట్టదు, నిజమే. కానీ కార్బన్, అల్యూమినియం ఒకదాన్నొకటి తాకుతూ ఉండగా మధ్యలో ఉప్పునీరు చేరితే బ్యాటరీలో జరిగినట్టే జరుగుతుంది, అల్యూమినియం కరిగి తెల్లపొడి అవుతుంది. కార్బన్ ఫ్రేములో అల్యూమినియం సీటు పోస్టు దించి, ఈ గాలిలో ఏడాదిపాటు విప్పకుండా వదిలేస్తే అది అక్కడే పట్టేసుకుంటుంది. లాగితే ఫ్రేము చీలిపోవచ్చు. అందుకే రెండిటి మధ్య గాజు ఫైబరు పొర వేస్తారు. మంచి కంపెనీలు వేస్తాయి. పేరూ ఊరూ లేని చౌక ఫ్రేములో వేశారో లేదో కోసి చూస్తే తప్ప తెలియదు.

రెండో భయం బిగింపు. నా స్నేహితుడి కొడుకు కార్బన్ సీటు పోస్టును మామూలు పానాతో, చేతి అంచనా మీద బిగించాడు. రెండు నెలలకు క్లాంపు కింద వెంట్రుకంత సన్నటి గీత కనిపించింది. కార్బన్ దారం పొడవునా లాగితే ఉక్కును మించి తట్టుకుంటుంది, పక్క నుంచి నొక్కితే అంత ఓర్చుకోదు. అల్యూమినియం సొట్ట పడి ముందే నీకు చెబుతుంది. కార్బన్ పైకి నున్నగా ఉండి లోపల పొరలు విడిపోవచ్చు. టార్క్ రెంచి లేకుండా, అయిదు న్యూటన్ మీటర్లు అని రాసి ఉంటే అయిదు దగ్గరే ఆపే ఓపిక లేకుండా ఆ ఫ్రేము ముట్టుకోకూడదు. టార్క్ రెంచి ఇప్పుడే కొనుక్కో, అల్యూమినియంకూ పనికొస్తుంది.

అయినా నిజం చెప్పాలి. కార్బన్ గాజుబొమ్మ కాదు. ప్రపంచ కప్ డౌన్‌హిల్ పందాల్లో బండరాళ్ల మీద దూకేవాళ్లు దానిమీదే దూకుతున్నారు. దారం ఎటు పరిస్తే అటు బిగువు వస్తుంది కాబట్టి పెడల్ దగ్గర గట్టిగా, సీటు దగ్గర కాస్త ఒదిగేలా చేయొచ్చు. విరిగినా తెలిసిన చేయి పడితే పొరలు వేసి బాగు చేయొచ్చు. నీ అల్యూమినియం ఫ్రేము విరిగితే వెల్డింగ్ వేడికి పదును పోతుంది, మళ్లీ అంత బలం రాదు. ఇవన్నీ తెలిసే వద్దంటున్నాను.

డబ్బు పెట్టాలని చేయి ఊరుకోకపోతే టైర్ల మీద పెట్టు. మన దారి పొడవునా కంపచెట్లే. పోయిన నెల నాలుగు పంక్చర్లన్నావు. ట్యూబులు తీసేసి ట్యూబ్‌లెస్ చేయించు, లోపల సీలెంట్ పోస్తే ముల్లు దిగిన రంధ్రం దానంతటదే పూడుతుంది. తారు రోడ్డుకు మధ్యలో నున్నగా, అంచుల్లో పళ్లున్న టైరు చూసుకో. ముందు ఫోర్కు ఒకసారి విప్పి ఆయిలు మార్పించు. హరికోట రోడ్డు నుంచి వచ్చిన రోజు, ఎంత అలసినా, మంచినీళ్లతో కడిగి గొలుసు తుడిచి నూనె వెయ్యి. ఇవన్నీ కలిపినా నువ్వు దాచినదాంట్లో ఆరో వంతు కూడా కాదు.

మిగతాది బ్యాంకులో ఉంచు. ఏడాదిపాటు నెలకు రెండుసార్లు నిజంగా కొండదారి తొక్కు. అప్పటికీ ఫ్రేమే నిన్ను వెనక్కి లాగుతోందని కాళ్లకు తెలిస్తే ఈ సైకిలు మొత్తంగా అమ్మేసి, కార్బన్ సైకిలు మొత్తంగా కొను. ముక్కలుగా మాత్రం వద్దు. అప్పుడు కొనడానికి నీతో చెన్నై వచ్చి, నీ పక్కన నిలబడి ప్రతి బోల్టూ నేనే చూస్తాను. డబ్బు తక్కువ పడితే కొంత ఇస్తాను కూడా, అమ్మకు చెప్పకు.

వచ్చే ఆదివారం పొద్దున్నే సైకిలు మీద రా. సీటు పోస్టు ఎన్నాళ్లుగా విప్పలేదో గుర్తు తెచ్చుకో. పట్టేసుకొని ఉంటే నువ్వు లాగొద్దు, ఇక్కడికి వచ్చాక ఇద్దరం కలిసి తీద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య