వేసవి సెలవులలో పఠనము, సేవ



వార్షిక పరీక్షలు ముగిసినవి. కృష్ణగిరి, హోసూరు ప్రాంతములలో మామిడితోపులు కాయలతో వంగియున్నవి. బడి మరల తెరచువరకు సుమారు అయిదు వారముల తీరిక మీకు దొరకినది. ఈ తీరికలో ఆటలాడుడు, బంధువుల యిండ్లకు పోవుడు, కడుపార మామిడిపండ్లు తినుడు. అందు తప్పేమియు లేదు. కాని ప్రతి సంవత్సరమువలెనే మీ ఉపాధ్యాయులు మీకు రెండు పనులు అప్పగించియున్నారు. ఒకటి, కొన్ని పుస్తకములు చదువుట. రెండవది, ఊరికి ఏదేని సేవ చేయుట.

ఈ పనులను మనలో చాలమంది ఎట్లు చేయుచున్నారో దాచనక్కరలేదు. సెలవులలో చివరి రెండు దినములు మిగిలినపుడు పుస్తకము అట్టవెనుక నున్న నాలుగు వాక్యములను నోటుపుస్తకములో ఎక్కింతురు. ఒక గంటసేపు గుడిముంగిలి ఊడ్చి, 'సేవ చేసితిని' అని వ్రాయుదురు. పని ముగిసినది, ఫలము మాత్రము లేదు.

ఈ పాఠములో మేము చెప్పదలచినది ఒక్కటే. మనవంటి వారి ఊళ్లలో పఠనము, సేవ అనునవి రెండు వేరు పనులు కావు. చదువ నేర్చిన పిల్లలు చదువనేరని పెద్దలకు చదివి వినిపించుట మనకు మొదటి సేవ. ఆ పెద్దలు చెప్పిన మాటలను వ్రాసికొనుట మనకు రెండవ చదువు.

మన స్థితి

మన యిండ్లలో తెలుగు పలుకుదురు. తరతరములుగా ఇక్కడనే సేద్యము చేసికొని, ఇక్కడి మట్టిలోనే కలిసిపోయిన కుటుంబములు మనవి. కాని మన అవ్వలను, తాతలను చూడుడు. వారిలో అనేకులకు వేలకొలది తెలుగు మాటలు, సామెతలు, పాటలు నోటికి వచ్చును. అక్షరము మాత్రము రాదు. మనకు అక్షరము వచ్చును. వారి మాటలలో సగము రావు. ఒకరియొద్ద పలుకుబడి, మరియొకరియొద్ద లిపి. ఒకే యింట ఈ రెండును ఉండియు కలిసికొనుట లేదు.

చట్టములు మనకు కొంత ఆధారము చూపినవి. ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో బోధించుటకు తగిన వసతులు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున 350ఏ అధికరణము చేర్చిరి. తమిళనాడులో 2006లో చేసిన చట్టముచేత తమిళము బడులలో అంచెలంచెలుగా తప్పనిసరి పాఠ్యవిషయమైనది. మనము నివసించు నేల భాష మనకు రావలసినదే. అందు తగవు లేదు. అయితే బడిగంటలు పరిమితములు. తెలుగునకు బడిలో చాలని కాలము ఇంటిలో దొరకవలెను. ఇంటిలో కాలము దొరకునది వేసవిలోనే.

ఒక ఉపాధ్యాయుని మార్గము

జనుల నోటనున్న మాటను వ్రాసికొనుట కూడ సేవయే అని చూపిన మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. ఆయన 1863 ఆగస్టు 29న శ్రీకాకుళము ప్రాంతమునందలి పర్వతాలపేటలో జన్మించిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు ఆ పట్టణము అందు చేరినది. నేడది ఒడిశాలోని గజపతి జిల్లాకు ముఖ్యపట్టణము. మనవలెనే అచ్చటను తెలుగువారు చిరకాలముగా నివసించుచున్నారు.

ఆ పట్టణమునకు సమీపమున కొండలలో సవరలు కలరు. వారి పిల్లలకు వారి భాషలో చదువు చెప్పుటకు పుస్తకములు లేకుండెను. పంతులుగారు తెలుగు, సవర రెండును తెలిసిన ఒకనిని తమ యింట ఉంచుకొని ఆ భాషను నేర్చికొనిరి. ఏండ్ల తరబడి మాటలను, కథలను, పాటలను సేకరించిరి. సవర పిల్లలకు వాచకములు వ్రాసిరి, బడులు నెలకొల్పిరి. ఆయన రచించిన సవరభాషా వ్యాకరణము 1931లో వెలువడినది. 1940లో ఆయన మరణించిరి. ఆయన జన్మదినమునే నేడు తెలుగు భాషా దినోత్సవముగ జరుపుకొనుచున్నాము.

ఇందు మనము గమనింపవలసినది ఒకటి కలదు. ఆయన సేవ తన భాషవారికి మాత్రమే పరిమితము కాలేదు. తెలుగున వాడుకభాషకు గౌరవము కోరిన ఆయనయే, తనకంటె అల్పసంఖ్యలోనున్న పొరుగువారి భాషకు అక్షరరూపమిచ్చిరి. తన భాషను ప్రేమించుట యనగా పొరుగు భాషను ద్వేషించుట కాదని ఇంతకంటె చక్కగ చూపగలవారు అరుదు.

ఒక నోటుపుస్తకము కథ

కొన్ని సంవత్సరముల క్రిందట మా ఎనిమిదవ తరగతి బాలిక యొకతె వేసవి పనిగా మర్యాదరామన్న కథల పుస్తకమును తీసికొనిపోయినది. ఆమె తాతగారికి చూపు మందగించియుండెను. చదువు మొదటినుండియు లేదు. ప్రతి సాయంకాలము వాకిట మంచముపై ఆయన కూర్చుండగా, ఆమె అరుగుపై కూర్చుండి ఒక కథ చదివెడిది. ఒకనాడు కథ ముగిసిన తరువాత మాట బావులమీదికి పోయినది.

"మన బావికాడ కపిల ఉండేది, పాపా! నీకు తెలీదులే" అని ఆయన అనెను.

"కపిల అంటే ఏంది తాతా?" అని ఆమె అడిగెను.

ఆ సాయంకాలము పుస్తకము మూతపడినది, నోటుపుస్తకము తెరచుకొన్నది. ఎద్దులు దిగువకు నడచుచు నీరు తోడెడి ఆ పరికరమునకు ఎన్ని అంగములో ఆయన ఒక్కొక్కటిగా చెప్పెను. నీరు నిండెడి బాన, దాని క్రిందనుండు తోలుతొండము, మోకు, మోకు నడచెడి గిలక, ఎద్దుల మెడపై కాడి. అటుపిమ్మట నాగలి మాటలు వచ్చినవి: మేడి, కర్రు, నొగ. ఆపైన ధాన్యము దాచు పాతర, గుమ్మి. జూనులో బడి తెరచినపుడు ఆ బాలిక నోటుపుస్తకములో 42 మాటలు ఉండెను. ముప్పది యేండ్లుగా తెలుగు చెప్పుచున్న నాకే అందు పదకొండు మాటలు తెలియవు. ఆ సంగతి తరగతిలో ఒప్పుకొంటిని. పిల్లలు నవ్విరి, మరునాడు మరి నలుగురు తమ యిండ్లనుండి మాటలు వ్రాసికొని వచ్చిరి.

విద్యుత్తు మోటార్లు, గొట్టపు బావులు వచ్చిన తరువాత కపిలలు పోయినవి. అది మంచిదే; ఎద్దులకును మనుష్యులకును శ్రమ తగ్గినది. కాని పరికరముతోపాటు దాని మాటలు కూడ పోనక్కరలేదు. ఆ తాతగారు మరుసటి సంక్రాంతికి లేరు. నోటుపుస్తకము ఉన్నది. మరియొక వేసవి ఆలస్యము చేసియుండినచో అదియు ఉండెడిది కాదు.

ఏమి చదువవలెను?

దినమునకు పది పుటల చొప్పున చదివినచో అయిదు వారములకు 350 పుటలగును. ఇది ఎవరికిని భారము కాదు. మూడు తెరగుల పుస్తకములను ఎన్నుకొనుడు.

మొదటిది నవ్వించునది. మర్యాదరామన్న కథలు, పరమానందయ్య శిష్యుల కథలు చిన్న తరగతులవారికి తగును. పై తరగతులవారు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి 'గణపతి' చదువవచ్చును. నవ్వు పుట్టించు పుస్తకము పెద్దలకు చదివి వినిపించుటకు మిక్కిలి అనుకూలము.

రెండవది నిజమైన జీవితమును తెలుపునది. ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసులో సుప్రీముకోర్టున ఉద్యోగము చేసిన తెలుగువారు. ఆయన 1830 మే 18న మద్రాసునుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. ఆ ప్రయాణమును వర్ణించు 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయినది. నడివేసవిలో పల్లకీతో బయలుదేరిన వారి గ్రంథమును మీరు వేసవిలోనే చదువుట బాగుండును. భాష కొంత పాతది. ఒక్కొక్క మజిలీ చొప్పున పెద్దల సాయముతో చదువుడు.

మూడవది పొరుగు భాషలోనిది. తమిళమునగాని కన్నడమునగాని ఒక చిన్న కథల పుస్తకము చదివి, అందలి ఒక కథను మీ సొంత తెలుగు మాటలలో ఇంటివారికి చెప్పుడు.

పుస్తకములు దొరకవని కొందరు అందురు. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవలో గ్రంథాలయము నడిపి, గట్టువెంట నున్న గ్రామములకు పుస్తకములు చేర్చిరి. పాఠకుని వెదకుచు పుస్తకము పోయిన కాలమది. నేడు మనము పుస్తకమును వెదకుచు శాఖా గ్రంథాలయము వరకైనను పోలేమా? మద్రాసు రాష్ట్రమున 1948లో గ్రంథాలయ చట్టము వచ్చినది. దాని ప్రకారము ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సుంకము కూడ చెల్లించుచున్నాము. కావున మన ఊరి గ్రంథాలయములో తెలుగు పుస్తకములు కావలెనని వినయముతో వ్రాతమూలముగ అడుగుట మనకు తగిన పని. ఆ అర్జీని మీరే వ్రాయుడు. అదియు వేసవి అభ్యాసమే.

సేవ చేయు విధము

చదివి వినిపించునపుడు తొందరపడకుడు. ఒక పూటకు రెండు మూడు పుటలు చాలును. వినువారి ముఖము చూడుడు. వారు నడుమ ఏదేని చెప్పబోయినచో చదువుట ఆపి వినుడు. వారి ఉచ్చారణను దిద్దకుడు. "అది తప్పు, పుస్తకములో ఇట్లున్నది" అన్న ఒక్క మాటతో పెద్దవారి నోరు మూతపడును. వారు పలికినది పలికినట్లే వ్రాసికొనుడు. తమిళము, కన్నడము కలిసిన మాటలను కూడ విడువకుడు. కలిసి బ్రతికిన ఊళ్లలో మాటలు కలియుట సహజము.

కొందరు పెద్దలకు అర్జీలు, బ్యాంకు కాగితములు చదివి చెప్పవలసి యుండును. చదివి అర్థము చెప్పుడు. కాని వారి సంతకము మీరు చేయకుడు. రహస్య సంఖ్యలను, దూరవాణికి వచ్చు సంకేత సంఖ్యలను అడుగకుడు; వారే చెప్పబోయినను వద్దనుడు. ఇట్టి పని చేయునపుడు ఇంటి పెద్దలలో ఒకరు ప్రక్కన నుండవలెను.

ఊరిలో చలివేంద్రము పెట్టినచో అందును చేయి కలుపుడు. కుండలపై మూతలుంచుట, పొడుగుకాడ గరిటెతో నీరు ముంచుట, చుట్టును శుభ్రముగ నుంచుట మీ బాధ్యత. చలివేంద్రములో నీరు పోయువాడు దప్పిగొన్నవానిని 'నీ భాష యేమి?' అని అడుగడు. చదివి వినిపించుటయందును ఇదే నీతి. పొరుగింటి తమిళ అవ్వకు ఉత్తరము చదివి పెట్టవలసివచ్చినచో సంతోషముతో చదివి పెట్టుడు.

తల్లిదండ్రులకు ఒక మనవి

"తెలుగు చదివిన ఉద్యోగము వచ్చునా?" అని మీరు అడుగుట మేమెరుగుదుము. అది న్యాయమైన ప్రశ్న. తెలుగొక్కటియే ఉద్యోగమిచ్చునని మేము చెప్పము. తమిళము, ఇంగ్లీషు పిల్లలకు బాగుగ రావలెను. అయినను ఇంటిభాషలో ఒక పుస్తకమును ఆసాంతము చదివి, దానిని మరియొకరికి చెప్పగల పిల్లవానికి ఆ శక్తి ఏ భాషలోనైనను పనికివచ్చును. మేము కోరునది దినమునకు ఒక అరగంట మాత్రమే. ఆ అరగంట దూరదర్శిని, చేతిఫోను మూసియుంచి, మీరును పిల్లలయొద్ద కూర్చుండి వినుడు. వినువారు లేని చదువు త్వరలో ఆగిపోవును.

వేసవి పని

1. ఒక తెలుగు పుస్తకమును పూర్తిగ చదివి, నచ్చిన సంగతిని సొంత మాటలలో ఒక పుట వ్రాయుడు. అట్టవెనుక వాక్యములను ఎక్కింపకుడు.

2. పది సాయంకాలములు ఒక పెద్దకు చదివి వినిపింపుడు. తేదీ, పుస్తకము పేరు, వారు అడిగిన ప్రశ్న గుర్తుంచుకొని వ్రాయుడు.

3. మీకు తెలియని ఇరువది మాటలు సేకరింపుడు. ప్రతి మాటకును అర్థము, వారు వాడిన వాక్యము, ఊరు వ్రాయుడు. ఉదాహరణ: తొండము, కపిలబాన క్రిందనుండు తోలుగొట్టము, బాన పైకి వచ్చినపుడు నీరు దీనిగుండ కాలువలో పడును.

4. పొరుగు భాష కథ నొకదానిని ఇంటిలో తెలుగున చెప్పుడు.

జూనులో బడి తెరచిన మొదటి వారమున ఈ నోటుపుస్తకములను తరగతిలో చదువుదుము. అందలి మాటలన్నిటిని అకారాది క్రమమున చేర్చి, మన పాఠశాల పదకోశముగ గ్రంథాలయమునందు ఉంచుదుము. విద్యార్థులారా! ఆ కోశములో మీ అవ్వ చెప్పిన ఒక మాటయైనను ఉండవలెను. ఈ సాయంకాలమే ఆమెయొద్దకు పోయి కూర్చుండుడు.