తూము జాడ తెలుపు దీపము

నేడు పశ్చిమగోదావరి జిల్లాకు కేంద్రమైన భీమవరమున, 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి. బాల్యమున కొంతకాలము రాజమహేంద్రవరమున చదివిరి. ఆయన సోదరు లిరువురు స్ప్రూ అను పేగువ్యాధిచే మరణించిరి. 1922లో ఆయన అమెరికాకు వెళ్లి, హార్వర్డు విశ్వవిద్యాలయమున పెక్కేండ్లు పరిశోధించి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరిరి. ఆయన ఆధ్వర్యమున పనిచేసిన శాస్త్రజ్ఞులు 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. ఇది పాలకూర మొదలగు ఆకుకూరలలో నుండు విటమిను. ఆకు అను అర్థముగల లాటిను పదమునుండియే దీనికి పేరు వచ్చినది. స్ప్రూ రోగులకు ఇది మేలుచేసినది. సుబ్బారావుగారు 1948లో మరణించిరి.

ఈ విటమినునకు గల మరియొక ప్రయోజనము అప్పటికి తెలియదు. గర్భస్థపిండము రూపొందునపుడు వీపువైపున కణములతో కూడిన పలుచని పట్టీ యొకటి ఏర్పడును. దాని అంచులు రెండును పైకిలేచి, ఒకదానినొకటి కలిసికొని గొట్టమగును. దీనిని నాడీనాళిక యందురు. మెదడును వెన్నుపామును దీనినుండియే పుట్టును. పిండమేర్పడిన సుమారు 28 దినములకు ఈ నాళిక పూర్తిగా మూసికొనవలెను. అప్పటికి తాను గర్భవతినని తల్లికే తెలియకపోవచ్చును! క్రిందిభాగము మూసికొననిచో శిశువు వెన్ను తెరచుకొనియే పుట్టును. పైభాగము మూసికొననిచో శిశువు బ్రతుకదు. అట్టి శిశువును ఒకమారు కన్న తల్లులకు, మరల గర్భము ధరించుటకు ముందునుండియే దినమునకు 4 మిల్లీగ్రాముల ఫోలికామ్లము నిచ్చినచో ఆ లోపము నూటికి 72 వంతులు తగ్గినదని బ్రిటిషు వైద్య పరిశోధన మండలి జరిపించిన పరీక్షలో 1991లో తేలినది.

అయినచో విటమిను రక్తమున నున్నంత మాత్రమున చాలునా? గోదావరిసీమ బాలురకు ఈ ప్రశ్నకు సమాధానము తెలియనిది కాదు. ధవళేశ్వరమునుండి వచ్చిన నీరు కాలువనిండ పారుచున్నను, తూము మూసికొనిపోయినచో చేను ఎండును. జీవకణమునకును అట్టి తూములు కలవు. కణపు పొరపై నిలిచి, బయటనున్న పదార్థమును పట్టుకొను ప్రోటీనును గ్రాహకము అందురు. ఫోలికామ్లమును పట్టుకొను గ్రాహకములలో ఆల్ఫా అనునది ముఖ్యము. దానిని తయారుచేయు జన్యువును తొలగించిన చిట్టెలుకల పిండములు నాడీనాళిక మూసికొనక గర్భముననే మరణించుచున్నవని 1999లో అమెరికా శాస్త్రజ్ఞులు చూపిరి. తల్లియెలుకలకు ఫోలినికామ్లము నిచ్చినపుడు పిండములు బ్రతికినవి.

ఇట్టి గ్రాహకము ఏ కణముపై, ఏ దినమున వెలయునో తెలిసికొనుట ఎట్లు? సామాన్యమైన సూక్ష్మదర్శినికి అది కానరాదు. ఇందులకు శాస్త్రజ్ఞులు ప్రతిరక్షకములను ఆశ్రయింతురు. పరాయి పదార్థము శరీరమున ప్రవేశించినపుడు, దానిని గుర్తించి పట్టుకొనుటకై రక్తమున పుట్టు ప్రోటీనులే ప్రతిరక్షకములు. శుద్ధిచేసిన గ్రాహకమును కుందేలునకు సూదిమందుగా నిచ్చినచో, కొన్నివారములకు దాని రక్తమున ఆ గ్రాహకమును పట్టుకొను ప్రతిరక్షకములు చేరును. ఒకేరకపు ప్రతిరక్షకమును ఎడతెగక తయారుచేయు కణములను సృష్టించు ఉపాయమును కోలర్, మిల్‌స్టైన్ అనువారు కేంబ్రిడ్జిలో 1975లో కనుగొనిరి. ప్రతిరక్షకమునకు మెరయు రంగును అంటించు విద్యను ఆల్బర్ట్ కూన్సు అంతకు ముందే, 1941లో హార్వర్డులో ప్రారంభించియుండెను. సుబ్బారావుగారు ఆ విశ్వవిద్యాలయమును వీడి అప్పటి కొక యేడే! పిండపు పలుచని ముక్కపై రంగు అంటించిన ప్రతిరక్షకమును వేసి, మిగిలినదానిని కడిగివేసినచో, గ్రాహకమున్నచోట మాత్రమే వెలుగు నిలుచును.

కాని ఈ దీపము మోసముచేయుటయు కలదు. ఆల్ఫా గ్రాహకమునకు బీటా అను తమ్ముడు కలదు. రెంటికిని పోలికలు చాల కలవు. అన్నను వెదకబంపిన ప్రతిరక్షకము తమ్మునిచేయి పట్టుకొని తిరిగిరావచ్చును. సంబంధము లేని మరియొక ప్రోటీనునే అంటుకొనవచ్చును. తప్పు వెలుగునకును ఒప్పు వెలుగునకును రంగు ఒక్కటియే. దానిని నమ్మినవారు లేని తూమును ఉన్నదని వ్రాసి, ఏండ్లతరబడి ఆ దారినే నడువవచ్చును. అందుచేత జన్యువును తొలగించిన ఎలుకనుండి తీసిన ముక్కపై అదే ప్రతిరక్షకమును వేసి చూడవలెను. అందు గ్రాహకమే లేదు గనుక ముక్క చీకటిగా ఉండవలెను. అది కూడ మెరసినచో ఆ ప్రతిరక్షకము పనికిరాదు. అంగడిలో అమ్ము ప్రతిరక్షకములలో పెక్కు ఇట్టి పరీక్షలకు నిలువలేదని ఇటీవలి పరిశోధనలు తెలుపుచున్నవి. చీకటిని చూపలేనివాని వెలుగును శాస్త్రము అంగీకరింపదు.

ప్రయోగశాలలో దీపమైన ప్రతిరక్షకము తల్లి రక్తముననే పుట్టి, తన గ్రాహకమునకే అడ్డుపడుటయు సంభవము. నాడీనాళికలోపముగల గర్భమును మోసిన 12 మంది స్త్రీలలో 9 మంది రక్తమున అట్టి ప్రతిరక్షకము కనబడినదని 2004లో ప్రకటింపబడినది; లోపములేని 20 మందిలో ఇద్దరియందే అది ఉండెను. ఇది చిన్న లెక్క. 2009లో ఐర్లండున జరిగిన పరిశోధనలో అట్టి సంబంధము కనబడలేదు.

పుట్టిన పిమ్మటను ఈ గ్రాహకముతో పని తీరదు. మెదడులోని ద్రవమును ఊరించు కణములపై నిలిచి, అది రక్తమునుండి విటమినును లోపలికి చేరవేయును. జన్యుదోషముచే ఆ గ్రాహకము చెడిన బిడ్డలను 2009లో జర్మనీ వైద్యులు వర్ణించిరి. మొదట బాగుగనే పెరిగి, పిమ్మట వారు నేర్చిన నడకను కోల్పోవుచుండిరి, మూర్ఛలు వచ్చుచుండెను. రక్తమున విటమినునకు కొరత లేదు. మెదడులోని ద్రవమున మాత్రము అది మిక్కిలి తక్కువగా నుండెను. వేరొక దారిన మెదడును చేరగల ఫోలినికామ్లము నిచ్చినపుడు ఆ బిడ్డలు కోలుకొనసాగిరి.