తెర చాటు సంగీతము

హైదరాబాదు నగరమున అబిడ్సు అను వ్యాపార స్థలమొకటి కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులో నుండిన అబిద్ అను నాతడు ఇచ్చట నొక అంగడి నడపెను. ఆతని పేరే ఆ ప్రాంతమునకు నిలిచిపోయినది. ఆదివారమునాడు ఇచ్చటి దుకాణములు పెక్కు మూసియుండును. వాని ముందటి కాలిబాటలపై పాతపుస్తకముల వర్తకులు తమ సరకును గుట్టలుగా పోసి కూర్చుందురు. బాలబాలికలు ఆ గుట్టలలో ముందుగా వెదకునవి బొమ్మల కథలు. వానిలో పిడుగు పడును, గుఱ్ఱము పరుగెత్తును, తల్లి బిడ్డను అక్కున చేర్చుకొనును. కాని చెవికి మాత్రము ఏమియు వినరాదు. చదువరి తన మనస్సులోనే ఆ చప్పుళ్లను కల్పించుకొనవలసినదే.

ఆ కాగితపు బొమ్మలు టెలివిజనులోనికి వచ్చినప్పుడు ఆ పనిని మఱియొకరు చేసిపెట్టవలసి వచ్చినది. జపాను దేశపు చిత్రకారుడు ఒసాము తెజుకా 1952లో ఒక యంత్రబాలుని కథను బొమ్మలుగా వ్రాయ నారంభించెను. 1963 జనవరి 1వ తేదీన ఆ కథయే టెలివిజను ధారావాహికమై వెలువడెను. ఇతర దేశములలో దానికి 'ఆస్ట్రో బాయ్' అని పేరు వచ్చినది. వారమునకొక భాగము చొప్పున అరగంట కార్యక్రమమును సిద్ధపఱుపవలెను. ధనము స్వల్పము, వ్యవధి అంతకంటె స్వల్పము. సినిమా ఫిలిమున సెకనునకు 24 చిత్రములు నడచును. అన్ని బొమ్మలు వ్రాయుట సాధ్యము కాదు గనుక, ఒక్కొక్క బొమ్మను మూడేసి చిత్రముల కాలము నిలిపి, సెకనునకు 8 బొమ్మలతోనే, ఒక్కొక్కచో అంతకంటె తక్కువతోనే, సరిపుచ్చిరి. కొన్ని చోట్ల ముఖమంతయు నిశ్చలముగా నుండి పెదవి మాత్రమే కదలును. మఱికొన్ని చోట్ల అదియు కదలదు. అట్టి కదలని బొమ్మను చూచుచు బాలుడు ఊపిరి బిగబట్టి కూర్చుండుటకు కారణము కుంచె కాదు, సంగీతము. ఆ ధారావాహికమునకు సంగీతము కూర్చినవాడు తత్సువో తకాయి.

సంస్కృత నాటకములలో 'నేపథ్యే' అను సూచన తఱచుగా కనబడును. నేపథ్యమనగా నటులు వేషము ధరించు తెరవెనుకటి గది. అచ్చటినుండి వినవచ్చు పలుకు ప్రేక్షకునకు వినబడును గాని పలికినవాడు కనబడడు. నేపథ్య సంగీతమను మాటకు మూలమిదియే. జపానువారి కబుకి నాటకశాలలోను ఇట్టి ఏర్పాటే కలదు. రంగస్థలము ప్రక్కన నల్లని తడిక చాటున వాద్యకారులు కూర్చుందురు. రంగముపై మంచు కురియు ఘట్టము వచ్చినప్పుడు వారు పెద్ద డోలును మెత్తని కఱ్ఱతో మెల్లగా, ఎడతెగక కొట్టుచుందురు. నిజమునకు మంచు కురియునప్పుడు చప్పుడే కాదు. అయినను ఆ డోలు దెబ్బ వినగానే ప్రేక్షకులకు చలి పుట్టును. లేని చప్పుడును వినిపించి ఉన్న వస్తువును చూపించు ఈ నేర్పు జపానువారి బొమ్మల ధారావాహికములకు కూడ పనికివచ్చినది.

ఆ ధారావాహికములలో పెక్కింటికి సంగీతము కూర్చు పద్ధతి మన సినిమా పద్ధతికి భిన్నమైనది. మన దేశమున సంగీత దర్శకుడు పూర్తియైన చిత్రమును ముందు పెట్టుకొని, ఏ ఘట్టమునకు ఏ వాద్యమో నిర్ణయించి, ఆ ఘట్టము నిడివికి తగినట్లు వాయింపించును. దీనినే రీరికార్డింగు అందురు. వారముల తరబడి సాగు ధారావాహికమునకు అంత తీరిక యెక్కడిది? అచ్చట సంగీతకర్తకు ముందుగా ఒక పట్టిక యిత్తురు. ఉదయము, ప్రయాణము, పోట్లాట, వియోగము, వేళాకోళము అని ఈ విధముగా అందు సందర్భములు వరుస సంఖ్యలతో నుండును. ఆతడు ఒక్కొక్క దానికి ఒకటి రెండు నిమిషముల చిన్న రచనలు చేసి, పదుల కొలదిగా వాయింపించి యుంచును. పిమ్మట ప్రతివారము శబ్ద దర్శకుడు వానినుండి కావలసిన దానిని ఏరి, కత్తిరించి, బొమ్మకు అతికించును. ఇది మన యిండ్ల పోపులపెట్టె వంటిది. ఆవాలు, మెంతులు, జీలకఱ్ఱ ముందే అమర్చియుండును. ఏ కూరకు ఏది ఎంత వేయవలెనో తెలిసిన చేయి ముఖ్యము.

ఈ పద్ధతిలో లోపము లేకపోలేదు. ఒకే శోకగీతము పదిమార్లు వినబడిన విసుగు పుట్టవచ్చును. కాని సమర్థుని చేతిలో ఆ పునరుక్తియే గుణమగును. ఒకనాడు స్నేహితుని వీడ్కోలునందు వినిపించిన స్వరములు ఇరువది వారముల తరువాత ఒక వట్టి గదిని చూపునప్పుడు మరల వినిపించిన, మాట యొక్కటియు లేకయే బాలునకు ఆ స్నేహితుడు జ్ఞప్తికి వచ్చును.

జపాను భాష తెలియని మన పిల్లలకు ఈ సంగీతము చేరుటకు వేఱొక కారణము కలదు. ధారావాహికమును పరభాషకు మార్చుటకై అమ్మునప్పుడు సంభాషణల శబ్దమును, సంగీతముతో కూడిన ఇతర ధ్వనుల శబ్దమును వేఱువేఱుగా నుంచుట వాడుక. తెలుగు చేయువారు మొదటిదానిని తీసివేసి తమ గొంతులను చేర్తురు. రెండవదానిని అట్లే నిలుపుదురు. కావున మాట మనదైనను వాద్యము టోకియోలో వాయించినదే. మాటకు అనువాదము కావలెను, వాద్యమునకు అక్కఱలేదు. ఐతే కొన్ని చోట్ల శీర్షిక గీతమును మాత్రము క్రొత్తగా కట్టింతురు. నిప్పన్ యానిమేషన్ సంస్థ 1989లో 52 భాగములుగా ఆరంభించిన మోగ్లీ కథ 1990 దశకమున హిందీలో దూరదర్శన్‌లో ఆదివారము ఉదయములందు ప్రసారమైనది. దాని హిందీ శీర్షిక గీతమును గుల్జార్ వ్రాయగా విశాల్ భరద్వాజ్ స్వరపఱచెను. ఆనాటి పిల్లలు నేడు తలిదండ్రులైనను ఆ పాట మఱువలేదు.

మాట మార్చువారు చేయదగని పని యొకటి కలదు. మూలమున పాత్ర మౌనముగా నుండి సంగీతము మాత్రమే నడచు చోట, ప్రేక్షకుడు విసిగిపోవునేమో యను భయముతో అక్కడ కూడ ఏదో యొక మాట గ్రుక్కి వేయుదురు. కథ కుంటుపడదు గాని ఆ ఘట్టమునకై స్వరకర్త చేసిన శ్రమ యంతయు మంట గలియును. కడపట నటీనటుల, వాద్యకారుల పేర్లను చూపక కోసివేయుట వేఱొక అన్యాయము. 1979లో మొదలైన 'డొరేమాన్' ధారావాహికమునకు సంగీతమిచ్చిన షున్‌సుకే కికుచి 2021లో మరణించెను. ఆతని బాణీలను కూనిరాగము తీయు బాలుర కెందఱికి ఆ పేరు తెలియును?

జపానువారికిని మనకును కలిసిన పని యొకటి జరిగినది. యుగో సాకో పూనికతో, రామ్ మోహన్ మున్నగువారి దర్శకత్వమున రామాయణము బొమ్మల చిత్రముగా 1992లో సిద్ధమైనది. 2025 జనవరిలో అది తెలుగు మాటలతోను విడుదలయ్యెను. దాని సంగీతకర్త వనరాజ్ భాటియా. అబిడ్సునకు చేరువ నున్న నిజాం కళాశాలలో చదివిన శ్యామ్ బెనెగల్ 1974లో తీసిన 'అంకుర్' చిత్రమునకు సంగీతమిచ్చినవాడును ఈతడే.

అబిడ్సునుండి నాంపల్లి స్టేషను మీదుగా పోయిన పబ్లిక్ గార్డెన్సు వచ్చును. అందలి లలితకళాతోరణమున సురభివారు పెక్కుమార్లు 'మాయాబజార్' మున్నగు నాటకములాడిరి. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున 'కీచకవధ'తో మొదలైన కుటుంబ సమాజము వారిది. వాద్యకారులు రంగము ప్రక్కనే కూర్చుందురు. మన కూచిపూడి కళాకారులు ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క ప్రవేశదరువు కట్టినట్లే, వీరును ఎవరు రానున్నారో వాద్యముతోనే తెలుపుదురు. బాణమును బాణమెదుర్కొని మెఱుపు మెఱయు క్షణముననే తబలా దెబ్బ పడవలెను. లేకున్న ప్రేక్షకులు నవ్వుదురు. టోకియోలో ముద్రించియుంచిన స్వరము సెకనైనను పెరుగదు. ఇచ్చట అట్లు కాదు. ఘటోత్కచుడు వేషము ముగించుకొని వచ్చుటకు జాగైనచో, హార్మోనియము వాయించువాడు ఆ రాగమునే సాగదీయుచు తెరవైపు ఒక కంట చూచుచుండును. లోపలినుండి సైగ అందిన పిమ్మటనే ముక్తాయింపు వేయును.