ఏముందియా, మామూలే!

గొడవపడి విడిపోయే స్నేహాలు తక్కువ. మన స్నేహాల్లో ఎక్కువ భాగాన్ని చంపేది ‘మామూలే’ అనే ఒక్క మాట.

‘ఏందియా సంగతులు?’ అని చెన్నై నుంచి స్నేహితుడు ఫోన్ చేస్తాడు. ‘ఏముందియా, మామూలే. నీ సంగతేంది?’ అంటాడు మైపాడులో ఉన్నవాడు. ‘ఇక్కడా అంతే.’ అసలు మాటలు అర నిమిషంలో అయిపోయాయి. ఆ తర్వాత ఎండలు, కొత్త సినిమా, ‘సరే, ఉంటా మరి’. ఇలాంటి ఫోన్లు నాలుగొస్తే అయిదోది రాదు. ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. చెప్పుకోవడానికి ఏమీ లేదనుకున్నారు, అంతే.

నిజంగా ఏమీ లేదా? ఆ మైపాడు మనిషి పొద్దున్నే ఒడ్డున చేపల బేరం చూశాడు. రొయ్యల గుంట కాడ కాపలా ఉండే ముసలాయనతో గట్టిగా వాదులాడి, గంట తిరక్కుండా ఆయనతోనే టీ తాగాడు. ఇన్ని ఏళ్లుగా నదులు వచ్చి కలుస్తున్నా సముద్రం ఎందుకు నిండిపోదని సాయంత్రం కూతురు అడిగితే తెల్లమొహం వేశాడు. మూడూ సంగతులే. కానీ ఆయన లెక్కలో సంగతంటే పెళ్లి, ఉద్యోగం, స్థలం కొనడం, ఆస్పత్రి. అలాంటివి ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. మిగతా రోజులన్నీ ‘మామూలు’ పద్దులోకి పోతాయి. స్నేహం బతకాల్సింది ఆ మిగతా రోజుల మీదే కదా!

కాబట్టి సలహా ముందే చెప్పేస్తాను. రోజూ రాత్రి ఆ రోజు గురించి నాలుగు వాక్యాలు రాయండి. వారానికోసారి వాటిలో నచ్చిన సంగతి ఒకటి ఒక స్నేహితుడికి పంపండి. నోటుపుస్తకమైనా సరే, ఫోనైనా సరే. వ్యక్తిత్వ వికాసానికి వేలు పోసి శిబిరాలకు వెళ్లేవాళ్లను చాలామందిని చూశాను. ఈ పనికి ఒక పెన్ను చాలు. ఫలితం అంతకన్నా తక్కువేమీ ఉండదని నా నమ్మకం.

ఈ దారి మనకు కొత్తదేమీ కాదు. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసేవారు. 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరారు. రైళ్లు లేని కాలం. పల్లకీలు, బోయీలు, వెంట పెద్ద పరివారం. వెళ్లేటప్పుడు కడప, హైదరాబాదు, నాగపూరుల మీదుగా వెళ్లారు. వచ్చేటప్పుడు కలకత్తా నుంచి కోస్తా వెంబడి దిగి, నెల్లూరు సీమ దాటి ఇల్లు చేరుకున్నారు. దారిపొడుగునా చూసినవన్నీ రాస్తూ, రాసినవి రాసినట్టు మద్రాసులోని స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు పంపుతూ వచ్చారు.

కాశీకి వెళ్లిన మనిషి గంగ గురించీ గుడుల గురించీ రాయడంలో వింత లేదు. వీరాస్వామయ్య అక్కడితో ఆగలేదు. ఈ ఊళ్లో అంగళ్లు ఉన్నాయా, బాటసారికి సరుకులు దొరుకుతాయా, నీళ్లు ఎలా ఉన్నాయి, వాగు దాటడం ఎంత కష్టం, ఏ నాణెం ఎక్కడ చెల్లుతుంది అన్నవీ రాశారు. ఆ రోజుల్లో ఇవన్నీ ‘మామూలే’. రెండు వందల ఏళ్లు కావస్తున్న ఈ రోజుల్లో చరిత్రకారులు ఆయన పుస్తకంలో వెతుక్కునేది సరిగ్గా ఆ మామూలునే.

ఆయన 1836లో కన్నుమూశారు. శ్రీనివాసపిళ్ళె ఆ రాతలన్నీ పోగుచేసి 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చు వేయించారు. పేరు రాసినాయనకు వచ్చింది. నాకు మాత్రం ఇందులో పెద్ద మనిషి చదివి దాచినాయనే అనిపిస్తుంది. అలాంటి స్నేహితుడు ఒక్కడుంటే చాలు. మీరు ఇంకొకరికి అలాంటి స్నేహితుడైతే ఇంకా మంచిది.

నెల్లూరు వాళ్లకు దగ్గరి ఉదాహరణ కావాలంటే దంపూరు నరసయ్య ఉన్నారు. నెల్లూరు సీమ మనిషి. 19వ శతాబ్దం చివర్లో మద్రాసు నుంచి ‘పీపుల్స్ ఫ్రెండ్’ అనే ఇంగ్లీషు పత్రిక నడిపారు. ఆయనకు డైరీ రాసుకునే అలవాటు ఉండేది. చాలాకాలం జనం మరిచిపోయిన ఆ సంపాదకుడి జీవితాన్ని డాక్టర్ కాళిదాసు పురుషోత్తం పుస్తకంగా రాయగలిగారంటే ఆ డైరీల సాయం చిన్నది కాదు.

‘మేమేమన్నా సంపాదకులమా, కాశీ యాత్రికులమా’ అంటారు. నిజమే. మీ నోటుపుస్తకం చరిత్రకు పనికొస్తుందో లేదో నేను చెప్పలేను. మీకు మాత్రం మూడు నెలల్లోనే పనికొస్తుంది. అమెరికాలో టింగ్ జాంగ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. వేసవి మొదట్లో విద్యార్థుల చేత తమ మామూలు సంగతులు రాయించారు: ఈ మధ్య ఎవరితో ఏం మాట్లాడారు, ఏ పాటలు విన్నారు వగైరా. మూడు నెలలు పోయాక ఇవి చదవాలని మీకు ఎంత ఆసక్తి ఉంటుంది అని అడిగితే, పెద్దగా ఉండదన్నారు. తీరా చదివే రోజు వచ్చేసరికి వాళ్లు అనుకున్నదానికన్నా ఆసక్తి చాలా ఎక్కువగా కనిపించింది. ప్రత్యేకమైన రోజుల కంటే మామూలు రోజుల విషయంలోనే ఈ పొరపాటు అంచనా పెద్దది. పండుగ ఎలాగూ గుర్తుంటుందని మనకు తెలుసు. మంగళవారం మధ్యాహ్నం కూడా ఒకనాడు కావాలనిపిస్తుందని తెలియదు.

నెల్లూరు తీరంలో దీన్ని కళ్లారా చూడొచ్చు. 2023 జులై 14 మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 లేచింది. మేడల మీదా ఒడ్డు మీదా ఎన్నెన్ని ఫోన్లు ఆకాశం వైపు తిరిగాయో! అన్నిట్లోనూ అదే పొగ, అదే చుక్క. అంతకన్నా గొప్ప వీడియో ఇస్రో దగ్గర ఉంది, ఎప్పుడు కావాలన్నా చూడొచ్చు. ఇస్రో దగ్గర లేనిది ఒకటుంది. ఆ నిమిషంలో మీ పక్కన ఎవరు నిలబడ్డారు, మీ నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి ఏమంది, పక్కింటి పిల్లాడు చప్పట్లు కొట్టాడా, చెవులు మూసుకున్నాడా? ఇది ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు. రెండు ముక్కలు రాసుకున్నవాడి దగ్గరే దొరుకుతుంది.

వానలూ అంతే. ఆంధ్రదేశంలో ఎక్కువ భాగానికి నైరుతి పెద్ద దిక్కు. నెల్లూరుకు మాత్రం అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో, ఈశాన్యంలో పడుతుంది. 2015 నవంబరు వానల గురించి ఇక్కడ ఎవరిని కదిపినా నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ రోజుల్లో తలుపు తట్టి అన్నం గిన్నె ఇచ్చిందెవరు అని అడిగి చూడండి. కాసేపు ఆలోచిస్తారు. నీళ్ల ఎత్తు గుర్తుండి, గిన్నె ఇచ్చిన చెయ్యి మరుపున పడుతోందంటే, రాసుకోవాల్సింది ఏదో తేలిపోయింది కదా.

ఇక ఎలా రాయాలి? ముందు ‘ఇవాళ రోజు బాగా గడిచింది’ అనే వాక్యాన్ని నిషేధించండి. అందులో రోజు లేదు. ఒక మనిషి, ఆ మనిషి అన్న ఒక మాట, ఒక ధర, కంటికో ముక్కుకో తగిలిన ఒక వస్తువు: వీటిలో ఏ రెండు పడినా వాక్యానికి ప్రాణం వస్తుంది. ఉదాహరణకు ఇలా: ‘ముత్తుకూరు బస్సులో ఇవాళ నిలబడే వచ్చాను. ఒకామె బుట్టలో ఎండుచేపలు, పక్కనే ఒకమ్మాయి జడలో మల్లెపూలు. రెండు వాసనలకూ మధ్య నేను. దిగేటప్పుడు ఆ అమ్మాయే బుట్ట కిందికి దించడానికి సాయం పట్టింది.’ ఇది చదివిన స్నేహితుడు ‘మామూలే’ అనలేడు. ఆ బస్సు ఎక్కిన రోజులు అతనికీ ఉంటాయి. వెంటనే తన సంగతి ఒకటి గుర్తొస్తుంది. ఆ రెండో సంగతి కోసమే మొదటిది పంపేది.

రాయడం మొదలుపెట్టడానికి చేపల వేట నిషేధ కాలం మంచి అదను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్లు సముద్రంలోకి పోవు. జువ్వలదిన్నెలోనో కృష్ణపట్నం దగ్గరి పల్లెల్లోనో వలలు బాగుచేసుకుంటున్న వాళ్ల పక్కన కూర్చుని చూడండి. ఏమీ జరగని కాలమని పేరు. చేతులు వల మీద ఉంటాయి, నోరు మాత్రం ఖాళీగా ఉండదు. ఏ ఏడు ఏ చేప పడింది, ఎవరి బోటుకు ఏమైంది, ఎవరు ఎవరికి బాకీ అన్నీ దొర్లిపోతాయి. కాగితం మీద పెట్టరు గానీ, వాళ్ల దగ్గర రోజుల లెక్క మన కన్నా బాగుంటుంది. చదువుకున్న మనమే ఆ కళ పోగొట్టుకున్నాం. పొద్దున్నే గులాబీ బొమ్మ మీద శుభోదయం రాసి వంద మందికి తోసేసి, పలకరింపు అయిపోయిందనుకుంటున్నాం. ఆ బొమ్మల మీద నాకు సానుభూతి లేదు. వందమందికి పంపింది ఒక్కరికీ పంపినట్టు కాదు.

ఒక్క మనిషిని దృష్టిలో పెట్టుకుని రాయమనడానికి ఇంకో కారణం ఉంది. తనకోసమే రాసుకునే డైరీ కొన్నాళ్లకు ఫిర్యాదుల పెట్టె అయిపోతుంది. అత్తగారు, ఆఫీసరు, పొరుగువాడు వరసగా వచ్చి కూర్చుంటారు. చదివే మనిషి ఉన్నాడంటే కాస్త సర్దుకుంటాం, నవ్వించాలని చూస్తాం, అర్థమయ్యేలా చెబుతాం. ఆమ్‌స్టర్‌డాములో దాక్కుని బతికిన పదమూడేళ్ల ఆన్ ఫ్రాంక్ 1942లో డైరీ మొదలుపెట్టి, ‘కిట్టీ’ అనే ఊహా స్నేహితురాలికి ఉత్తరాలుగా రాసుకుంది. అంత భయంలోనూ ఆ పిల్లకు మాట్లాడే మనిషి కావాలి. లేకపోయేసరికి తయారుచేసుకుంది. మనకా అవసరం లేదు, ఫోన్లో పేర్లున్నాయి.

ఏళ్ల తరబడి మాట్లాడని మనిషికి ఉన్నట్టుండి పంపితే ఏమనుకుంటాడో అని జంకు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన పెగ్గీ ల్యూ బృందం 2022లో దీని మీదే పరిశోధన చేసింది. పలకరించే వాళ్లు అనుకున్నదాని కన్నా అవతలివాళ్లకు కలిగిన సంతోషం ఎక్కువ. పలకరింపు ఎంత అనుకోనిదైతే ఆ తేడా అంత ఎక్కువ. కాబట్టి జంకు పక్కన పెట్టండి. ‘అవసరం పడి చేశాడేమో’ అనే అనుమానం రాకుండా ఏమీ అడగకండి. సంగతి చెప్పి ఊరుకోండి.

కొన్ని జాగ్రత్తలు. ఇతరుల గుట్టు మీ సంగతి కాదు. అది రాసినా పంపకండి. గొప్పలు నోటుపుస్తకంలోనే ఉండనివ్వండి. రోజులు తప్పితే తప్పనివ్వండి, తప్పినవి కూర్చుని నింపడం అబద్ధాలకు దారి. జవాబు రాకపోతే లెక్కలు కట్టకండి, అవతల వాళ్లకూ సంసారాలున్నాయి. ఒకసారికి ఒకటే సంగతి. నెల్లూరు చేపల పులుసు మర్నాటికి రుచి అంటారు గానీ, సంగతి ఆ వారంలోనే చేరాలి.

అసలు మనసులో మాట చెప్పుకోవడం నెల్లూరుకు తెలియని విద్య కాదు. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు గట్టున, బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరుగుతుంది. కోరిక ఉన్నవాళ్లు రొట్టె పుచ్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి, అదే కోరికతో ఉన్న వాళ్లను వెతికి రొట్టె ఇస్తారు. విద్య రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్య రొట్టె అని పేర్లు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, మతం అడక్కుండా, ముక్కూమొహం తెలియని మనిషితో ‘మా అబ్బాయికి ఉద్యోగం కావాలి’ అని పైకే అంటారు. పరాయి మనిషితో అంత సూటిగా మాట్లాడే మనం, ఇరవై ఏళ్ల స్నేహితుడు ఫోన్ చేస్తే ‘ఏముందియా’ అంటున్నాం. ఇది నాకు మింగుడుపడదు.

ఇవాళ రాత్రి నాలుగు వాక్యాలు రాయండి. ఆదివారం దాకా చూసి, బాగున్న ఒక్కటి ఎంచండి. చాన్నాళ్లుగా మాట్లాడని ఒక స్నేహితుడికి పంపండి. ‘ఎలా ఉన్నావు’ అని కూడా అడగొద్దు. అతనే చెబుతాడు.