దవడ నొప్పి: లాలాజలం చెప్పేదెంత?

ఆవలిస్తే చెవి ముందు ‘టక్’మనడం, నిద్ర లేవగానే దవడ బిగుసుకుపోవడం, చపాతీ నమిలితే కణతల్లో నొప్పి. ఈ బాధలతో వచ్చేవారిని దంతవైద్యురాలిగా నేను తరచూ చూస్తుంటాను. వారిలో ఆడవాళ్ళే ఎక్కువ. చెవిపోటో, పన్నునొప్పో అనుకుని వస్తారు. అసలు చిక్కు చెవి ముందున్న దవడ కీలులోనో, దాన్ని కదిపే కండరాల్లోనో ఉంటుంది. ‘ఉమ్మి పరీక్షతో ఇది తేలిపోతుందట కదా?’ అని కొందరు అడుగుతున్నారు. తేలిపోదు, కానీ ఆ ప్రశ్నలో విషయం ఉంది.

లాలాజలంలో ఏం వెతుకుతారు?

లాలాజలంలో 99 శాతం నీరే. మిగిలిన కొద్ది భాగంలో హార్మోన్లు, ఎంజైములు, ప్రోటీన్లు ఉంటాయి. దవడ నొప్పి ఉన్నవారిలో పరిశోధకులు ముఖ్యంగా మూడు రకాల సూచికలు చూస్తున్నారు. ఒత్తిడిని తెలిపే కార్టిసాల్, ఆల్ఫా అమైలేజ్ మొదటి రకం. వాపును తెలిపే ఇంటర్‌ల్యూకిన్-6 వంటివి రెండోది. కణాలకు జరిగిన నష్టాన్ని తెలిపే మాలోన్‌డైఆల్డిహైడ్ వంటివి మూడోది. సూది గుచ్చే పని లేదు, ఎన్నిసార్లయినా నమూనా తీసుకోవచ్చు.

చిక్కు ఎక్కడ?

కార్టిసాల్ నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటలో బాగా పెరిగి, రాత్రికి తగ్గిపోతుంది. కాబట్టి నమూనా ఏ వేళ తీశారన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. మార్చి నెలాఖరు పని ఒత్తిడికీ అది పెరగవచ్చు. చిగుళ్ళ జబ్బు ఉంటే దవడ బాగున్నా వాపు సూచికలు పెరుగుతాయి. షుగరుకు ఉన్నట్టు ‘ఇంత దాటితే జబ్బు’ అనే గీత ఇక్కడ ఇంకా లేదు.

ఒక్క కాగితం చూసి మన బ్యాంకులో అప్పు మంజూరు చేయరు కదా! ఇదీ అంతే. 2014లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం రోగి చెప్పేది వినడం, నోరు ఎంత తెరుచుకుంటుందో కొలవడం, కీలును, కండరాలను నొక్కి చూడటమే నిర్ధారణకు పునాది. అవసరమైతే కీలులోని మెత్తటి బిళ్ళ కోసం ఎంఆర్‌ఐ, ఎముక కోసం సీటీ తీయిస్తాం. ఒకే మనిషిలో చికిత్సకు ముందు, తర్వాత మార్పును గమనించడానికి లాలాజలం మున్ముందు తోడ్పడవచ్చు.

నన్ను కలవరపెట్టేది మరొకటి. కార్టిసాల్ ఎక్కువుంటే ‘అంతా టెన్షనేనమ్మా’ అనీ, మామూలుగా ఉంటే ‘నీకేం లేదు’ అనీ ఇంట్లోవాళ్ళు తీర్పు చెప్పేస్తారు. రెండూ తప్పే. రిపోర్టు ఎలా ఉన్నా నొప్పి నిజమే.

ఇంట్లో ఏం చేయాలి?

కొన్నాళ్ళు మెత్తటి ఆహారం తినండి. వక్కలు, చూయింగ్ గమ్ మానండి. దవడకు గోరువెచ్చని కాపడం పెట్టండి. నోరు మూసి ఉన్నప్పుడు పెదవులు కలిసి ఉండాలి, పళ్ళు మాత్రం తగలకూడదు. నొప్పి లేని ‘టక్’ శబ్దానికి సాధారణంగా చికిత్స అక్కర్లేదు. నోరు తెరుచుకోకుండా పట్టేస్తే వెంటనే దంతవైద్యులకు చూపించండి. దవడ నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు ఉంటే అది గుండెపోటు కావచ్చు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి.