లీడ్ ఎక్కడి నుంచి వచ్చింది?

డిగ్రీ పూర్తయి ఖాళీగా ఉన్న పిల్లల గురించి ఇళ్లలో ఇప్పుడు ఒకటే మాట: మూడు నెలలు డిజిటల్ మార్కెటింగ్ చేయిస్తే ఉద్యోగం ఖాయం. 'నూరు శాతం ప్లేస్‌మెంట్' బోర్డు చూసి అప్పు చేసి మరీ ఫీజు కట్టేవాళ్లున్నారు. చాలా కోర్సుల్లో కాలమంతా పోస్టర్లకూ రీల్స్‌కూ సరిపోతుంది. కంపెనీలు మాత్రం ప్రకటన ఖర్చుకు ఫలితమెంతో లెక్క చెప్పేవాళ్ల కోసం వెతుక్కుంటున్నాయి.

కోకాపేటలో ఫ్లాట్లు అమ్మే సంస్థ ఒకటుందనుకుందాం. ఫేస్‌బుక్ ప్రకటనకు 20,000 రూపాయలు పెడితే 200 మంది నంబర్లొచ్చాయి. ఇలా వచ్చే ఒక్కో నంబరునే లీడ్ అంటారు; లీడ్‌కు 100 పడింది. గూగుల్ సెర్చ్‌కు అంతే పెడితే 40 మందే వచ్చారు, లీడ్‌కు 500. ఫేస్‌బుక్కే చవకని రిపోర్టు రాసేస్తే పని అక్కడితో చెడినట్టే. పని తెలిసిన అమ్మాయి సేల్స్ వాళ్ల దగ్గర కూర్చుని ఎవరు ఫోనెత్తారు, ఎవరు సైట్ చూడటానికి వచ్చారు, ఎవరు బుక్ చేశారని ఆరా తీస్తుంది. ఆ 200 మందిలో ఒక్కరు, ఈ 40 మందిలో ఇద్దరు కొన్నారని తేలితే ఒక్కో బుకింగ్ ఖర్చు అక్కడ 20,000, ఇక్కడ 10,000. ఫేస్‌బుక్ ఫారంలో పేరు, నంబరు ముందే నిండి ఉంటాయి కనుక కొనే ఉద్దేశం లేనివాళ్లూ నొక్కేస్తారు.

లీడ్ ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకునే ఈ పనికి మొదటి పనిముట్టు యూటీఎం. ప్రకటన లింకు చివర సోర్స్, మీడియం, క్యాంపెయిన్ పేర్లు తగిలించే ఈ పద్ధతి, 2005లో గూగుల్ కొనుక్కున్న అర్చిన్ సంస్థది. ఈ గుర్తు లేకుండా వాట్సాప్‌లో పంపిన లింకు పట్టుకుని వచ్చినవాళ్లు, వెబ్‌సైట్‌కు వచ్చేవాళ్లను లెక్కించే గూగుల్ అనలిటిక్స్‌లో తరచూ 'డైరెక్ట్' కింద పడిపోతారు. సోర్స్ పేరు ఒకరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, ఇంకొకరు పెద్ద అక్షరాల్లో రాస్తే ఒకే సోర్స్ రెండుగా చీలుతుంది. ఇలాంటి తప్పు పట్టుకోగల ఓపికే ఇందులో అసలు నైపుణ్యం.

ఈ పనిలో చేరడానికి ఏ డిగ్రీ అయినా చాలు. శాతాలు, ఎక్సెల్ పివట్ టేబుల్ వచ్చి ఉండాలి.

కోర్సు ఫీజు దగ్గర మాత్రం జాగ్రత్త. విద్యార్థి ఆన్‌లైన్‌లో ఫారం నింపిన మరుక్షణం ఫోన్ చేసి 'ఈ రోజే కడితే డిస్కౌంట్' అనే టెలికాలర్‌కు ఆ విద్యార్థి కూడా ఒక లీడే. ఆ టెలికాలర్‌కు టార్గెట్ ఉంటుంది. కొన్ని సంస్థలు ఫీజును ఫైనాన్స్ కంపెనీ రుణంగా మార్పిస్తాయి. క్లాసులు నచ్చక మధ్యలో మానేసినా వాయిదాలు ఆగవు. ప్లేస్‌మెంట్ హామీ, ఫీజు వాపసు షరతులు కాగితం మీద ఇవ్వని చోట రూపాయి కట్టకూడదు. 2023 జులైలో నిలిచిపోయిన గూగుల్ అనలిటిక్స్ పాత వెర్షన్ యూనివర్సల్ అనలిటిక్స్‌నే ఇంకా బోధిస్తుంటే ఆ సంస్థ గడప దాటి వచ్చేయాలి.

గూగుల్ స్కిల్‌షాప్‌లో పాఠాలు ఉచితం. సొంత వెబ్‌సైట్ లేకపోయినా గూగుల్ మర్చండైజ్ స్టోర్ డేటాతో ఉన్న అనలిటిక్స్ డెమో ఖాతాలో ఎవరైనా సాధన చేయవచ్చు. బీకాం, స్టాటిస్టిక్స్ పిల్లలకు ఈ దారి బాగా నప్పుతుంది. అంకెలంటే గిట్టని పిల్లవాడిని, పక్కింటివాళ్ల అబ్బాయికి జీతం వస్తోందని ఇందులోకి నెట్టడం అన్యాయం. బొమ్మలు వేసేవాడికి డిజైన్, రాసేవాడికి కంటెంట్ ఉన్నాయి.

ఆసక్తి ఉన్నవారు ఊళ్లోని ఒక డెంటల్ క్లినిక్కో ట్యూషన్ సెంటరో ఎంచుకుని, రెండు నెలల పాటు వచ్చిన ప్రతి ఎంక్వైరీనీ షీట్‌లో ఎక్కించాలి: ఎక్కడ చూసి వచ్చారు, చేరారా లేదా, ఎంత ఖర్చయింది. ఇంటర్వ్యూకు సర్టిఫికెట్ల కంటే ముందు తీయాల్సింది ఆ షీట్‌నే.