క్రీడావైద్యం

అమెరికాలోని పలు ఉన్నత పాఠశాలల్లో క్రీడావైద్యం ఒక పాఠ్యాంశం. గాయపడిన ఆటగానికి తొలి నిమిషాల్లో అందవలసిన సహాయాన్ని విద్యార్థులు అందులో అభ్యసిస్తారు. చీలమండ బెణికితే విశ్రాంతి ఇవ్వడం, మంచుగడ్డ పెట్టడం, పట్టీ చుట్టడం, కాలిని ఎత్తుగా ఉంచడం అనే నాలుగు సూత్రాలను వైద్యుడు గేబ్ మిర్కిన్ 1978లో ప్రచారంలోకి తెచ్చారు. మంచు నొప్పిని తగ్గించినా గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చునని తరువాతి కాలంలో ఆయనే తన మాటను సవరించుకొన్నారు. శాస్త్రానికి ఈ నిజాయితీయే ప్రాణం.

నొప్పిని దాచి ఆడే విద్యార్థి చిన్న గాయాన్ని పెద్దది చేసుకొంటాడు. 1994లో మోకాలు దెబ్బతిన్న పుల్లెల గోపీచంద్ శస్త్రచికిత్సల పిమ్మట ఓర్పుతో సాధన చేసి, 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ విజేత అయ్యారు. గాయం మానేవరకు వేచి ఉండడం కూడా సాధనలో భాగమే.